ఒకే డేటాకి నాలుగు ఎర్రర్లు: ఏ పద్ధతిని నమ్మాలి?

ప్రశ్న ఇదీ. కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న అమ్మాయి లఘులోలకంతో (పెండ్యులంతో) జీ, అంటే గురుత్వ త్వరణం విలువ కనుక్కుంది. దారం పొడవు 1.000 మీటరు. 20 ఊపులకు పట్టిన కాలాన్ని స్టాప్‌వాచ్‌తో అయిదుసార్లు తీసింది: 40.31, 40.12, 40.44, 40.25, 40.18 సెకన్లు. జీ 9.743 వచ్చింది. చిక్కంతా ఎర్రర్ దగ్గర. ల్యాబ్ మాన్యువల్‌లో చెప్పినట్టు లీస్ట్ కౌంట్లతో, అంటే పరికరాలు చదవగల అతి చిన్న కొలతలతో కడితే ±0.015 వచ్చింది. స్టాండర్డ్ ఎర్రర్ తీసుకుంటే ±0.027. క్లాస్‌మేట్ పైథాన్‌లో బూట్‌స్ట్రాప్ చేసి 9.70 నుంచి 9.79 అన్నాడు, అంటే ±0.045. గైడ్ చెప్పినట్టు టీ-టేబుల్ చూసి, టేపు తప్పు (రెండు మిల్లీమీటర్లు) కూడా కలిపితే ±0.07. "ఒకే డేటాకి నాలుగు జవాబులేంటి సార్? ఏ పద్ధతి మంచిదో ఎట్లా తేల్చాలి? వైవాలో అడిగితే ఏం చెప్పాలి?"

మీ లెక్కలన్నీ ఒకసారి కట్టి చూశాను. సగటు 40.26, స్టాండర్డ్ డీవియేషన్ (రీడింగుల చెదురు) 0.12, దాన్ని రూట్ 5తో భాగిస్తే 0.055. తప్పేమీ లేదు. నాలుగు జవాబులు వచ్చింది మీరు నాలుగు వేర్వేరు ప్రశ్నలు అడిగినందుకు. లీస్ట్ కౌంట్ పద్ధతి పరికరం మీద గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుంది. స్టాండర్డ్ ఎర్రర్, ఇదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేస్తే సగటు ఎంత అటూ ఇటూ ఆడుతుందో చెబుతుంది. బూట్‌స్ట్రాప్ చెప్పేదీ అదే, కాకపోతే మీ అయిదు రీడింగులే లోకమంతా అనుకుని చెబుతుంది. మీ గైడ్ పద్ధతి ఒక్కటే "అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చు" అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ప్రయత్నం చేస్తోంది.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కాలేజీల్లో పాతికేళ్ల పైన ప్రాక్టికల్స్ చేయించాను. రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక నీటి పరీక్షల ల్యాబులో కొలతల లెక్కలు చూశాను. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు చాలామంది. "ఫార్ములా ఏది సార్?" అనేవాళ్లే అందరూ. పద్ధతిని పరీక్షించడం ఎట్లా అని అడిగింది మీరే. అందుకే ఇంత పొడుగు జవాబు.

మన తీరంలో విసురువల వేసేవాళ్లను చూసే ఉంటారు. మీరు రాసే "9.74 ప్లస్ ఆర్ మైనస్ ఇంత" కూడా ఒక వల లాంటిదే. అసలు జీ అనే చేప అందులో పడిందో లేదో ఒక్క విసురు చూసి చెప్పలేం, ఎందుకంటే ఆ చేప మనకు కనబడదు. వల మంచిదో కాదో తేలాలంటే చేప ఎక్కడుందో ముందే తెలిసిన గుంటలో వందసార్లు వేసి, ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలి. 95 శాతం అని చెప్పుకునే పద్ధతి నూటికి 95సార్లు పట్టాలి. 80సార్లే పట్టిందంటే ఆ పద్ధతి గొప్పలు పోతోందని అర్థం. సరే, గుంటంతా కప్పేసే వల వేస్తే నూటికి నూరుసార్లూ పడుతుంది, దానివల్ల ఉపయోగం లేదు. కాబట్టి రెండూ చూడాలి: ఎన్నిసార్లు పట్టింది, వల ఎంత వెడల్పు. స్టాటిస్టిక్స్ వాళ్లు మొదటిదాన్ని కవరేజ్ అంటారు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. అసలు కాలం 40.17 సెకన్లు అనీ, చేతి తడబాటు 0.12 అనీ మీరే నిర్ణయించండి. ఒక గడిలో నార్మ్‌ఇన్వ్(ర్యాండ్(), 40.17, 0.12) అని కొడితే ఒక దొంగ రీడింగు పుడుతుంది. పక్కపక్కన అయిదు గడులు, కిందికి పదివేల వరసలు లాగండి. ప్రతి వరసా ఒక విద్యార్థి రికార్డు అనుకోండి. ఒక్కో వరసకు సగటు, స్టాండర్డ్ ఎర్రర్, మీ నాలుగు పద్ధతుల హద్దులు కట్టించి, 40.17 ఆ హద్దుల్లో ఉంటే 1, లేకపోతే 0 వేయండి. చివర్లో ఆ నిలువు వరస సగటు చూడండి. ఒక సాయంత్రం పని.

ఏం వస్తుందో నేను ముందే చెప్పగలను, ఎందుకంటే ఇందులో కొంత భాగానికి కచ్చితమైన సూత్రాలున్నాయి. ముందు కాలం సంగతి ఒక్కటే చూద్దాం. లీస్ట్ కౌంట్ పద్ధతి, అంటే ±0.01 సెకను, నూటికి 15సార్లు పడుతుంది. మీరు చదివింది నిజమే, పదిహేనే. టేపు వంతు కూడా కలిపి జీకి ±0.015 అన్నా నలభై దగ్గరే ఆగిపోతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌కి ఒక రెట్టు తీసుకుంటే 68 రావాలి కదా, అయిదు రీడింగులకు 62.6 వస్తుంది. 1.96 రెట్లు తీసుకుని "95 శాతం" అని రాస్తే నిజానికి వచ్చేది 87.8. మూడే రీడింగులైతే 81, రెండే అయితే 70. టీ-టేబుల్ నుంచి 2.776 తీసుకుంటే 95కి సరిగ్గా 95.

లీస్ట్ కౌంట్ పద్ధతి ఇంత ఘోరంగా ఓడిపోవడానికి కారణం మా పాత అటెండర్ ఒకాయన ఎప్పుడో చెప్పేశాడు. ప్రాక్టికల్ పరీక్ష రోజు పిల్లలు స్టాప్‌వాచ్‌లు నొక్కుతుంటే పక్కన నిలబడి చూసి, "సార్, గుండు కంటే పిల్లోళ్ల చెయ్యే ఎక్కువ ఊగతా ఉండాది" అన్నాడు. వాచ్ 0.01 సెకను చూపించగలదు. నొక్కే బొటనవేలు మాత్రం 0.1 సెకను అటూ ఇటూ తిరుగుతుంది. మీ రీడింగుల చెదురు 0.12, లీస్ట్ కౌంటుకు పన్నెండు రెట్లు. ఇలాంటప్పుడు లీస్ట్ కౌంట్ పట్టుకుని ఎర్రర్ రాయడమంటే ఇసక బస్తాని బంగారం తూచే త్రాసులో పెట్టి మిల్లీగ్రాములు చదవడమే. మాన్యువల్ రాసినవాళ్ల తప్పేమీ లేదు, ఆ పద్ధతి ఒక్కసారే తీసిన కొలతల కోసం, వెర్నియర్, స్క్రూగేజి లాంటివాటి కోసం పుట్టింది. పెండ్యులం పేజీలోకి ఎవరో కాపీ కొట్టారు, అది తరతరాలుగా అట్లాగే వస్తోంది.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. అయిదు రీడింగులూ అచ్చం ఒకటే వచ్చాయనుకోండి, స్టాండర్డ్ డీవియేషన్ సున్నా. అంటే కొలత పరమ కచ్చితమా? కాదు, మీ పరికరం చెదురును చూడలేనంత మొరటుది. అప్పుడు లీస్ట్ కౌంటే దిక్కు. డిజిటల్ పరికరమైతే చివరి అంకె మెట్టును రూట్ 12తో భాగిస్తే, అంటే 0.29తో గుణిస్తే, దాని వంతు అనిశ్చితి వస్తుంది. కాబట్టి చెదురు పెద్దదా, మెట్టు పెద్దదా అన్నది చూసుకున్నాకే పద్ధతి సంగతి.

టీ-టేబుల్ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్‌కి బార్లీ, బీరు పరీక్షల్లో నాలుగైదు నమూనాలకు మించి దొరికేవి కావు. అప్పటి సిద్ధాంతమంతా వందల నమూనాల కోసం రాసింది. 1908లో ఆయన స్టూడెంట్ అనే మారుపేరుతో చిన్న నమూనాల లెక్క అచ్చు వేశాడు. ఆయన గుర్తించిన విషయం చాలా సాదా: సగటు ఒక్కటే కాదు, అయిదు రీడింగుల నుంచి తీసిన స్టాండర్డ్ డీవియేషన్ కూడా ఊగుతూనే ఉంటుంది. ఎంత ఊగుతుంది? అయిదు రీడింగులైతే 36 శాతం. పదికి 24 శాతం. యాభై తీసినా ఇంకా 10 శాతం. ఈ అంకెలు గుర్తుంటే ±0.0267 అని నాలుగు దశాంశాలు రాయడానికి చెయ్యి రాదు. 0.027లో ఆ ఏడు కూడా మొహమాటానికి రాసిందే.

రీడింగుల సంఖ్య ఎంత లాభం చేస్తుందో కూడా ఈ టేబులే చెబుతుంది. 95 శాతం వల సగం వెడల్పు, మీ స్టాండర్డ్ డీవియేషన్‌తో పోలిస్తే, రెండు రీడింగులకు తొమ్మిది రెట్లు, మూడుకు రెండున్నర రెట్లు, అయిదుకు 1.24 రెట్లు, పదికి 0.72. మూడు నుంచి అయిదుకు వెళితే సగమైపోతోంది చూడండి! "మూడు రీడింగులు తీసి సగటు రాయండి" అనే మన ల్యాబ్ ఆచారం మీద నాకు కోపం ఇందుకే. ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటే సగం అనిశ్చితి పోతుంది.

ఇక్కడే ఒక పిడకల వేట. 40.44ను చూసి "ఇది తేడాగా ఉంది, కొట్టేద్దామా" అని మీకు అనిపించి ఉంటుంది. కొట్టేస్తే స్టాండర్డ్ డీవియేషన్ 0.12 కాస్తా 0.08 అవుతుంది, రికార్డు ముచ్చటగా కనబడుతుంది. మీ ఎక్సెల్ షీటులో ఆ పనే చేసి చూడండి: ప్రతి వరసలో సగటుకు బాగా దూరంగా ఉన్న రీడింగును తీసేసి, మిగతా నాలుగుతో హద్దులు కట్టండి. కవరేజ్ ఎంత పడిపోతుందో చూశాక ఇంకెప్పుడూ ఆ పని చేయరు. ఊపులు 21 లెక్కపెట్టానని గుర్తుంటే తీసేయండి, కారణం పక్కన రాయండి. గుర్తు లేకపోతే అది మీ డేటాయే.

బూట్‌స్ట్రాప్ గురించి. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ తెచ్చిన ఈ పద్ధతి గొప్పదే, నేను కాదనను. మధ్యగతం లాంటి సులువు సూత్రం లేని అంకెలకు అది వరం. కానీ అయిదు రీడింగులతో అది చేసేదేమిటి? ఆ అయిదింటిలోంచే మళ్లీ మళ్లీ అయిదు ఏరుతుంది. ఎన్ని లక్షలసార్లు ఏరినా వేర్వేరు కూర్పులు 126 మాత్రమే. పైగా అది లెక్కించే చెదురులో భాగించేది నాలుగుతో కాదు, అయిదుతో. అందువల్ల మొదట్లోనే పది శాతం పైన తక్కువ చూపిస్తుంది. టీ ఇచ్చే అదనపు వెడల్పు ఉండనే ఉండదు. రెండూ కలిసి, 95 అని చెప్పుకునే మీ మిత్రుడి వల 85 శాతం కూడా పట్టదు. కంప్యూటర్లో లక్షసార్లు తిప్పారు కాబట్టి గట్టిదని అనుకోవడం, అయిదు రూపాయలను లక్షసార్లు లెక్కపెడితే లక్ష అవుతాయనుకోవడమే. ముప్పై, నలభై రీడింగులుంటే అదే పద్ధతిని నేనే వాడమంటాను.

ఇక మీ గైడ్ పద్ధతి. కొలతల అనిశ్చితి మీద గమ్ అని పిలిచే అంతర్జాతీయ మార్గదర్శి ఒకటుంది, 1993లో మొదట వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా వాడేది 2008 ప్రతి. అందులో అనిశ్చితిని రెండు తరగతులు చేశారు. రీడింగుల చెదురు నుంచి లెక్కగట్టేది టైప్ ఏ. మిగతా సమాచారం నుంచి, అంటే పరికరం సర్టిఫికెట్, మాన్యువల్, అనుభవం నుంచి వచ్చేది టైప్ బి. టేపును ఒక్కసారే పెట్టి చదివారు, చెదురు లేదు. కానీ దారం సాగడం, గుండు మధ్యబిందువును కంటితో అంచనా వేయడం కలిపి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో ఉండొచ్చని మీరు అనుకున్నారు. ఆ రెండింటి మధ్య ఎక్కడైనా సమానంగా ఉండొచ్చనుకుంటే రూట్ 3తో భాగించాలి, 1.15 మి.మీ. వస్తుంది. జీలో దాని వంతు 0.011. కాలం వంతు 0.027. ఈ రెండింటినీ నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి: 0.029. కాలం వంతుకు స్వేచ్ఛాంకాలు (రీడింగుల సంఖ్యలోంచి ఒకటి తీసేసినది) నాలుగే, టేపుది అనుభవం కాబట్టి అనంతం అనుకుంటే, వెల్చ్–సాటర్‌త్‌వైట్ సూత్రం ప్రకారం మొత్తానికి అయిదు. టేబుల్లో 2.571. గుణిస్తే 0.07. మీ గైడ్ సరిగ్గానే చెప్పారు.

ఇదే చివరి మాట అనుకోవద్దు. గమ్‌కి అనుబంధంగా 2008లోనే మాంటీ కార్లో పద్ధతిని, అంటే మన ఎక్సెల్ షీటులోలా దొంగ రీడింగులు పుట్టించి లెక్కకట్టే పద్ధతిని వివరించే పత్రం వచ్చింది. అందులో చిన్న నమూనా చెదురుకు మొదటినుంచే టీ ఆకారాన్ని వాడతారు. దానివల్ల అయిదు రీడింగుల స్టాండర్డ్ అనిశ్చితి, పాత లెక్క కంటే రూట్ 2 రెట్లు, అంటే 1.41 రెట్లు ఎక్కువ వస్తుంది. నాలుగైతే 1.73 రెట్లు. మూడైతే లెక్క అనంతానికి పోతుంది, అసలు నిర్వచించలేరు. ఒకే కుటుంబంలోని రెండు అధికారిక పత్రాలు ఒకే డేటాకు రెండు అంకెలిస్తాయి! నిపుణుల మధ్య దీనిమీద ఇప్పటికీ వాదాలున్నాయి. మీ ప్రయోగానికి మాత్రం 95 శాతం హద్దుల దగ్గరికి వచ్చేసరికి రెండూ దాదాపు ఒకచోటికే చేరతాయి. కాబట్టి స్టాండర్డ్ అనిశ్చితిని కాకుండా హద్దులను పోల్చండి.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక షరతు మీద నిలబడింది: రీడింగులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావాలి. ఈ షరతు ఎక్కువగా విరిగేది ల్యాబులో కాదు, బయట. మన తీర మండలాల్లో రొయ్యల గుంటల దగ్గర ఆక్సిజన్ మీటర్లు పెడుతున్నారు, సెకనుకో రీడింగు. గంటకు 3600. స్టాండర్డ్ డీవియేషన్‌ను రూట్ 3600తో, అంటే 60తో భాగించి "మా కొలత భలే కచ్చితం" అన్న ప్రాజెక్టు రిపోర్టు ఒకటి నా చేతికొచ్చింది. ఈ సెకను రీడింగుకూ వచ్చే సెకను రీడింగుకూ ఎంత తేడా ఉంటుంది? నీళ్లు అవే, ప్రోబు అదే. పక్కపక్క రీడింగుల సహసంబంధం 0.9 ఉంటే, ఒకటిలోంచి 0.9 తీసేసి, ఒకటికి 0.9 కలిపిన దానితో భాగించాలి. పందొమ్మిదో వంతు. 3600 రీడింగులు 190 పాటివి మాత్రమే. సహసంబంధం ఇంకా ఎక్కువైతే ఇంకా తక్కువ. ఇట్లాంటి డేటాకి పది పదిహేను నిమిషాలకు ఒక సగటు కట్టి, ఆ సగటుల చెదురు చూడటం నా అలవాటు. మీ అయిదు రీడింగుల్లోనూ చేయి అలసిపోయి కాలం పెరుగుతూ పోతోందేమో, తీసిన వరసలో గ్రాఫు గీసి చూడండి. నాకైతే అట్లా అనిపించలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. పైన మనం పరీక్షించిన ఏ పద్ధతీ, అది టీ అయినా మాంటీ కార్లో అయినా, అన్ని రీడింగుల్లోనూ ఒకే వైపు ఉన్న తప్పును చూడలేదు. ఎక్సెల్ గుంటలో చేపను పెట్టింది మనమే, కాబట్టి అక్కడ అలాంటి తప్పు లేదు. మీ ల్యాబులో ఉండొచ్చు.

నీటి ల్యాబులో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. కనిగిరి, పొదిలి వైపు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు తెలుసు, ఆ నమూనాలు మా దగ్గరికి వచ్చేవి. ఒక నమూనాకు ఏడు రీడింగులు తీస్తే ఏడూ లీటరుకు 0.02 మిల్లీగ్రాముల లోపల కలిశాయి. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాం. వారం తర్వాత బయటినుంచి తెప్పించిన, సర్టిఫికెట్ ఉన్న 1.00 మిల్లీగ్రాము ద్రావణాన్ని అదే మీటరులో పెడితే 1.08 చూపించింది. మేం క్యాలిబ్రేషన్‌కు వాడుకున్న స్టాండర్డ్ తయారీలో, పలచన చేసే దగ్గర పొరపాటు జరిగింది. ఏడు రీడింగులకూ తల్లి అదే ద్రావణం. ఏడు కాదు, డెబ్భై తీసినా చెదురు అంతే చిన్నగా ఉండేది, జవాబు అంతే తప్పుగా ఉండేది. ఆ వారం ఇచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి తెప్పించి మళ్లీ చేశాం. ఆ రాత్రులు నిద్ర పట్టిందంటే అబద్ధమే.

పెద్దవాళ్లూ ఇందుకు అతీతులు కారు. నూనె బిందువుల ప్రయోగం చేసిన భౌతికశాస్త్రవేత్త మిల్లికాన్ 1913లో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని పది పవర్ మైనస్ పది ఈఎస్‌యూ (ఆవేశానికి పాత ప్రమాణం) లెక్కలో 4.774 అని, అనిశ్చితి 0.009 అని ప్రకటించాడు. ఇప్పుడు మనకు తెలిసిన విలువ 4.803. తేడా ఆయన చెప్పిన హద్దుకు మూడు రెట్లు. నూనె బిందువుల కొలతలు బాగానే ఉన్నాయి, లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువ తప్పు. అది ప్రతి బిందువుకూ ఒకేలా తగిలింది.

మీ పెండ్యులం దగ్గరికి వద్దాం. కావలి అక్షాంశానికి, సముద్రమట్టం దగ్గర జీ సుమారు 9.784 ఉండాలి. 9.81 కాదు. పుస్తకాల్లో కనిపించే 9.80665 అనేది 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక అంకె, మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మనకు తక్కువే ఉంటుంది. మన ల్యాబుల్లో ఎవరికైనా 9.81 వస్తే నేను మార్కులు వేయడానికి ముందు రికార్డు ఇంకోసారి తిరగేసేవాణ్ణి. ఇప్పుడు చూడండి, మీ లీస్ట్ కౌంట్ హద్దులు 9.728 నుంచి 9.758. 9.784 అందులో లేదు. స్టాండర్డ్ ఎర్రర్ హద్దుల్లోనూ లేదు. చివరి రెండింటిలో ఉంది.

మీది 0.04 తక్కువ వచ్చింది. గుండును ఎంత పక్కకు లాగి వదిలారో మీరు రాయలేదు. మీటరు దారానికి 17 సెంటీమీటర్లు లాగితే కోణం పది డిగ్రీలు. అప్పుడు ఆవర్తన కాలం 0.19 శాతం పెరుగుతుంది, జీ 0.037 తక్కువగా వస్తుంది. మీ తేడాకు దాదాపు సరిపోయింది! కానీ దీన్ని పట్టుకుని "తప్పు దొరికింది" అని రాయకండి. మీ అనిశ్చితి ±0.07, అందులో 0.04 తేడా ఊరికే కూడా రావొచ్చు. జవాబు ముందే తెలుసు కాబట్టి సరిపోయే కారణం వెతుక్కోవడం మన జాతి రోగం. తొమ్మిది సెంటీమీటర్ల లోపు లాగి మళ్లీ తీయండి, కోణం అయిదు డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఆ తప్పు 0.01 లోపలికి వచ్చేస్తుంది. ఇంకొక అనుమానం, దారాన్ని గుండు పై అంచుదాకా కొలిచారా, మధ్యదాకానా? సెంటీమీటరు వ్యాసార్ధం మర్చిపోతే జీ 0.1 తగ్గిపోతుంది. రెండు మిల్లీమీటర్లని మీరు రాసిన టైప్ బి దీని ముందు ఏ మూలకి?

"ఇంత రాద్ధాంతం దేనికి, 9.74 అంటే సరిపోదా" అనే మిత్రులు మీ క్లాసులో ఉండే ఉంటారు. పెండ్యులానికి సరిపోతుంది. కానీ ఇదే లెక్క రేపు మీ ఉద్యోగంలో ఇంకోలా ఎదురవుతుంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక ఊరి బోరు 1.42 వచ్చింది, 95 శాతం అనిశ్చితి 0.15. "1.5 లోపే ఉంది, పాస్" అని రాయొచ్చా? అసలు విలువ 1.5 దాటి ఉండే అవకాశం ఏడింట ఒక వంతు. అనిశ్చితిని ±0.03 అని తక్కువ చేసి చూపిస్తే ఆ ఏడో వంతు కాగితం మీద మాయమవుతుంది, ఆ నీళ్లు తాగేవాళ్లకు మాత్రం మాయం కాదు. గుర్తింపు పొందిన ల్యాబులు పాటించాల్సిన ఐఎస్ఓ 17025 ప్రమాణం, పాస్ ఫెయిల్ చెప్పేటప్పుడు అనిశ్చితిని ఎట్లా లెక్కలోకి తీసుకున్నారో ముందే నియమం పెట్టుకోమంటుంది. నమూనా వచ్చాక, అంకె చూశాక కాదు.

వైవా సంగతి. రికార్డులో 9.74 ± 0.07 అని రాసి, పక్కన "95 శాతం, అయిదు రీడింగులు, టీ-టేబుల్, టేపు వంతు కలిపి" అని ఒక లైను పెట్టండి. మిగతా మూడూ ఎందుకు వదిలేశారంటే ఎక్సెల్ షీటు చూపించండి. 15, 63, 85 లోపు, 95 అని నాలుగు అంకెలు పక్కపక్కన చూశాక ఎక్స్‌టర్నల్ ఇంకేమీ అడగరు. అడిగితే మంచివారే వచ్చారని సంతోషించండి.

టైమ్ ఉంటే 20 ఊపులు కాకుండా 50 తీయండి. మీ బొటనవేలి తడబాటు అంతే ఉంటుంది, కానీ 40 సెకన్ల మీద కాకుండా 100 సెకన్ల మీద పంచుకుంటుంది. కాలం వంతు 0.027 నుంచి 0.011కి దిగుతుంది, అప్పటికి టేపు దానితో సమానమై కూర్చుంటుంది. ఆ తర్వాత రీడింగులు పెంచి లాభం తక్కువ, పొడవు సంగతి చూడాలి. దానికీ ఒక దారుంది: 60 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఆరు పొడవులు తీసుకుని, పొడవుకు ఎదురుగా కాలం వర్గాన్ని గ్రాఫు గీయండి. జీ ఆ గీత వాలు నుంచి వస్తుంది, గుండు మధ్యబిందువు ఎక్కడన్న గొడవ అంతా గీత అక్షాన్ని తాకే చోటికి వెళ్లిపోతుంది. గీత సరిగ్గా మూలబిందువు గుండా పోకపోతే, పొడవు కొలతలో ఎంత తప్పిందో అదే చెబుతుంది. ఆ ఆరు పొడవుల రీడింగులూ, గుండును ఎంత లాగి వదిలారో ఆ సెంటీమీటర్లూ ఇక్కడే పెట్టండి, వాలు అనిశ్చితి ఎట్లా కట్టాలో అప్పుడు చూద్దాం.